బతకలేక బడిపంతులా?

సావనీర్ కమిటీ విద్యార్థులు వచ్చి, "ఈసారి మీ వ్యాసం ఒకటి ఉండాల్సిందే సార్" అన్నప్పుడు, నేను మామూలుగా చెప్పే సాకులన్నీ చెప్పి చూశాను. పేపర్లు దిద్దాలన్నాను, ఆరోగ్యం బాగాలేదన్నాను. వాళ్ళు వినలేదు. పోనీ దేన్ని గురించి రాయమంటారంటే, "మీ ఇష్టం సార్, కాని పాఠంలాగా మాత్రం వుండకూడదు" అన్నారు. ఇంత నిర్మొహమాటంగా చెప్పాక రాయక తప్పుతుందా? అంచేత ఒక పాత బాకీ ఇక్కడ తీర్చుకుందామని కూర్చున్నాను.

ఆ బాకీ ఏమిటంటే, పోయినేడు మా డిపార్ట్‌మెంటు వీడ్కోలు సభలో ఫైనలియర్ కుర్రవాడొకడు లేచి నన్నొక ప్రశ్న అడిగాడు. "ఏమీ అనుకోకపోతే ఒకటడుగుతాను సార్. మీరింత బాగా చెప్తారు కదా, మరి మీరెందుకు ఏ పెద్ద ఉద్యోగానికీ వెళ్ళలేదు? ప్రయత్నించలేదా, రాలేదా?" అబ్బాయి అమాయకంగానే అడిగాడు. నేను నోరు తెరిచేలోపలే వెనక బెంచీ నుంచి జవాబు వచ్చేసింది: "బతకలేక బడిపంతులురా!" సభంతా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వక చేసేదేముంది? సమోసాలు తిని ఇంటికి వచ్చాం. కాని ఆ మాట మాత్రం నాతోబాటు ఇంటికి వచ్చింది.

సామెతలు ఊరికే పుట్టవు. జీతాలు సరిగా అందక, తాలూకా కచేరీల చుట్టూ తిరిగి తిరిగి చెప్పులరిగిన పంతుళ్ళ కాలంలో పుట్టిన మాట అది. అప్పుడది జాలి. ఇప్పుడది తీర్పు. చేతనైనవాడు చేస్తాడు, చేతకానివాడు చెబుతాడు అన్న అర్థంలో వాడుతున్నాం. ఈ తీర్పు సరైనదేనా అన్నది నా ప్రశ్న. సాక్షిగా మన తెలుగుదేశానికి బొత్తిగా సంబంధంలేని ఒక మనిషిని పిలుస్తున్నాను. ఆయన అమెరికా దేశస్థుడు, పియానో విద్వాంసుడు. పేరు లియాన్ ఫ్లైషర్. 1928లో పుట్టి 2020లో, తొంభై రెండేళ్ళ వయసులో పోయారు.

పియానో అనగానే మనకి గుర్తొచ్చేది పాత సినిమాలో పుట్టినరోజు పార్టీ. హీరో సూటు వేసుకొని పియానో ముందు కూర్చొని, మెట్ల మీంచి దిగివస్తున్న హీరోయిన్‌కి తగిలేట్టు పాట పాడతాడు. వేళ్ళొక దారి, పాటొక దారి. మనం క్షమించేస్తాం. నేనూ చాలాకాలం పియానో అంటే అంతే అనుకున్నాను. కాని పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలో కచేరీ పియానిస్టు సంగతి వేరు. ఎనభై ఎనిమిది మెట్లున్న వాద్యం మీద, వెనక పెద్ద ఆర్కెస్ట్రా ఉండగా, దాదాపు యాభై నిమిషాల రచనని కాగితం చూడకుండా వాయించాలి. మన విద్వాంసుడికి మనోధర్మం ఉంది, రాగంలో తనకంటూ దారి వేసుకోవచ్చు. ఆయనకి ఆ వెసులుబాటు లేదు. రచయిత వందేళ్ళ కిందట రాసి పెట్టిన ప్రతి స్వరం పలకాలి, అయినా అది ఇప్పుడే పుట్టినట్టు ఉండాలి. ఇదీ ఆ వృత్తి.

శాన్ ఫ్రాన్సిస్కోలో టోపీలు కుట్టే ఒక యూదు కుటుంబంలో ఫ్లైషర్ పుట్టాడు. తల్లిదండ్రులు తూర్పు ఐరోపా నుంచి వలస వచ్చినవాళ్ళు. నిజానికి పియానో పాఠాలు పెట్టించింది పెద్ద కొడుక్కి. చిన్నవాడు ఓ మూల కూర్చొని వినేవాడు. అన్న ఆటకి పోగానే ఆ పాఠం తను వాయించేవాడు. ఇది గమనించి, తల్లి పాఠాలు చిన్నవాడికి మార్పించింది. అప్పుడు వాడికి నాలుగేళ్ళు. ఎనిమిదేళ్ళకే జనం ముందు కచేరీ చేశాడు.

ఆ రోజుల్లో ఆర్టూర్ ష్నాబెల్ అనే మహావిద్వాంసుడు ఉండేవాడు. బీతోవెన్ సొనాటాలు ముప్పై రెండూ మొట్టమొదట రికార్డు చేసిన మనిషి. బాలమేధావులంటే ఆయనకి గిట్టదు, చిన్నపిల్లలకి పాఠం చెప్పనని కచ్చితంగా అనేవాడు. శాన్ ఫ్రాన్సిస్కో సింఫనీకి పూర్వం కండక్టరుగా చేసిన ఆల్‌ఫ్రెడ్ హెర్ట్జ్ (బస్సు కండక్టరు కాదు సుమా, వాద్యబృందాన్ని నడిపించేవాడు) ఒక ఉపాయం పన్నాడు. ష్నాబెల్‌ని భోజనానికి పిలిచాడు. భోజనాలు ముగిసి గది తలుపు తీసేసరికి అవతల పియానో దగ్గర పిల్లవాడు కూర్చుని ఉన్నాడు! ఇక వినక తప్పలేదు. విన్నాక కాదనలేకపోయాడు. కాని ఒక షరతు పెట్టాడు: తన దగ్గర నేర్చుకుంటున్నంతకాలం కచేరీలు చెయ్యకూడదు. 1938లో, తొమ్మిదేళ్ళ ఆ పిల్లవాడు ఇటలీలో కోమో సరస్సు ఒడ్డున ఉన్న గురువు దగ్గరికి వెళ్ళాడు. యుద్ధం వచ్చాక పాఠాలు న్యూయార్కుకి మారాయి. మొత్తం మీద పదేళ్ళ శుశ్రూష.

ఇక్కడొక్క క్షణం ఆగుదాం. గురుపరంపర అనేది మన సొత్తే అని మనకొక గర్వం. ఫ్లైషర్‌కి గురువు ష్నాబెల్, ఆయనకి గురువు లెషెటిట్స్కీ, ఆయనకి చెర్నీ, చెర్నీకి సాక్షాత్తూ బీతోవెన్. నాలుగే మెట్లు! ఈ నాలుగు మెట్లలోనూ ఎవరూ బతకలేక పాఠాలు చెప్పినవాళ్ళు కారు. లెషెటిట్స్కీ చిన్నవాడైన ష్నాబెల్‌తో, నువ్వు పియానిస్టువి కాలేవు, ఎందుకంటే నువ్వు సంగీతజ్ఞుడివి, అన్నాడని చెబుతారు. వింటే తిట్టులా ఉంటుంది, నిజానికి దీవెన. వాద్యం వేరు, సంగీతం వేరు, మొదటిది రెండోదానికి పనిముట్టు అని దాని భావం. ఈ మాట గుర్తు పెట్టుకోండి, తర్వాత మనకి పనికొస్తుంది.

పదహారేళ్ళ వయసులో, 1944లో, ఫ్లైషర్ కార్నెగీ హాలులో న్యూయార్క్ ఫిల్‌హార్మోనిక్‌తో బ్రామ్స్ మొదటి కాన్సెర్టో వాయించాడు. ఆర్కెస్ట్రాని నడిపించిన పియేర్ మోంతో, ఈ శతాబ్దానికి దొరికిన పియానిస్టు ఇతడే అన్న ధోరణిలో మెచ్చుకున్నాడు. 1952లో బ్రస్సెల్స్‌లో క్వీన్ ఎలిజబెత్ పోటీలో మొదటి బహుమతి. ఆ బహుమతి గెలిచిన తొలి అమెరికన్ ఆయనే. ఆ తర్వాత జార్జ్ సెల్ నడిపించిన క్లీవ్‌లాండ్ ఆర్కెస్ట్రాతో బీతోవెన్ కాన్సెర్టోలు ఐదూ, బ్రామ్స్‌వి రెండూ రికార్డు చేశారు. అరవై ఏళ్ళు దాటినా ఆ రికార్డులని ఇంకా వింటున్నారు. మీ సెల్‌ఫోన్‌లోనూ దొరుకుతాయి, విని చూడండి. 1959లో బాల్టిమోర్‌లోని పీబడీ సంగీత కళాశాలలో పాఠాలు చెప్పడం మొదలుపెట్టారు. ఈ తేదీ కూడా గుర్తుంచుకోండి. అప్పటికి ఆయన కీర్తి శిఖరం మీదున్నారు, రెండు చేతులూ బంగారంలా ఉన్నాయి.

1964. ఫ్లైషర్‌కి ముప్పై ఆరేళ్ళు. మరుసటేడు సెల్‌తో, క్లీవ్‌లాండ్ ఆర్కెస్ట్రాతో కలిసి సోవియట్ యూనియన్‌లో పెద్ద పర్యటన. దానికోసం తెగ సాధన చేస్తున్నారు. కుడిచేతి చిటికెన వేలు, ఉంగరపు వేలు మొండికేయడం మొదలుపెట్టాయి. చేయి బద్ధకిస్తోంది అనుకొన్నారు. బద్ధకానికి మందేమిటి? ఇంకా సాధన. మీరూ నేనూ అయినా అదే చేస్తాం కదా! ఎంత సాధన చేస్తే అంతగా ఆ రెండు వేళ్ళూ లోపలికి ముడుచుకుపోయి, కొన్ని నెలల్లో అరచేతికి అంటుకుపోయాయి. 1965లో పర్యటన తీరా దగ్గరపడ్డాక తప్పుకోవలసి వచ్చింది. ఆర్కెస్ట్రా ఆయన లేకుండానే రష్యా వెళ్ళింది.

ఈ జబ్బు పేరు ఫోకల్ డిస్టోనియా. అప్పట్లో ఎవరూ దాన్ని పోల్చుకోలేకపోయారు. కండరం చెడిపోదు, ఎముక విరగదు. మెదడులో ఒక్కో వేలికీ ఒక్కో చోటు ఉంటుంది. ఒకే రకమైన సూక్ష్మచలనం వేలసార్లు, లక్షలసార్లు చేయగా, ఆ చోట్ల మధ్య సరిహద్దులు చెరిగి ఒకదాంట్లోకొకటి కలిసిపోతాయని శాస్త్రజ్ఞులు చెబుతారు. అప్పుడు ఒక వేలికి ఆజ్ఞ ఇస్తే ఇంకో వేలు ముడుచుకుంటుంది. చిత్రమేమిటంటే, మిగతా పనులకి అదే చేయి చాలావరకు పనికొస్తుంది. దేనికోసం జన్మంతా ధారపోశాడో సరిగ్గా ఆ ఒక్క పనికే పనికిరాదు. సంగీతజ్ఞులకే కాదు, రాత పనివాళ్ళకీ, కుట్టుపనివాళ్ళకీ కూడా ఇది వస్తుంది.

"అభ్యాసం కూసువిద్య" అని మనమంతా చిన్నప్పుడు పలక మీద రాసినవాళ్ళమే. నేను క్లాసులో వందసార్లు చెప్పి ఉంటాను. అది అబద్ధమని నేననను. కాని "అతి సర్వత్ర వర్జయేత్" అన్నది కూడా మనవాళ్ళే. మొదటిదాన్ని పిల్లలకి చెప్పి రెండోదాన్ని మన దగ్గరే అట్టేపెట్టుకున్నాం. నొప్పి వచ్చినా ఆపకుండా మెట్లని బాదడమే తన చేతిని చెడగొట్టిందని ఫ్లైషర్ తర్వాత పదేపదే చెప్పారు. తన దగ్గరికి వచ్చిన పిల్లలకి గంటలు లెక్కపెట్టుకోవద్దనీ, ముందు మనసులో వినండి, తర్వాతే వేలు పెట్టండనీ బోధించారు. మనసులో వినకుండా వాయించింది కేవలం ప్రమాదవశాత్తూ వచ్చిన చప్పుడేనని ఆయన అభిప్రాయం. రాత్రంతా కూర్చొని అర్థంకాని నోట్సుని బట్టీ వేసే మా హాస్టల్ సోదరులకి ఈ మాటని నేను అంకితమిస్తున్నాను.

ఆ తర్వాత రెండేళ్ళు ఆయనకి చీకటే. ఇంజక్షన్లు, వ్యాయామచికిత్స, మానసిక చికిత్స, షాకులు, ఇంకా ఎవరేం చెబితే అది. ఏదీ పనిచేయలేదు. సంసారం చెదిరిపోయింది. ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన కూడా వచ్చిందని ఆయనే చెప్పుకున్నారు. నాలుగేళ్ళ వయసు నుంచి తాను ఎవరో చెప్పడానికి ఆయనకున్నది ఒక్కటే మాట, పియానిస్టు. ఆ మాట పోయాక మిగిలింది ఎవరు?

మిత్రులారా, ఈ ప్రశ్న పియానో వాళ్ళదేనా? చిన్నప్పటినుంచీ "మావాడు ఫస్టు" అన్న ఒక్క మాట మీద పెరిగిన పిల్లవాడు మన కాలేజీకి వచ్చి మొదటి సెమిస్టరులో రెండు పేపర్లు పోగొట్టుకొంటాడు. ర్యాంకుతో వచ్చిన అమ్మాయికి ఇక్కడ తనలాంటి ర్యాంకర్లు ఇంకో అరవైమంది కనబడతారు. మనిషిని కొలవడానికి ఒకే ఒక్క కొలబద్ద ఇచ్చి పంపాం. అది విరిగినరోజున ఆ పిల్లలు తమని తాము దేనితో కొలుచుకుంటారు? హాస్టల్లో ఏ గది తలుపు రెండురోజులుగా మూసి ఉందో మనకి తెలుస్తోందా?

ఫ్లైషర్ ఎలా బయటపడ్డారన్నదే నాకు ముఖ్యం. ఒకనాడు హఠాత్తుగా జ్ఞానోదయం అయిందని కథ కట్టడం సులువు. కాని ఆయన్ని నిలబెట్టినవాటిలో ఒకటి చాలా మామూలు విషయం. వారంవారం పీబడీలో విద్యార్థులు వచ్చి పాఠం కోసం కూర్చునేవాళ్ళు. ఆయన వెళ్ళవలసి వచ్చేది. క్లాసుకి వెళితే పాఠం చెప్పాలి. మునుపయితే, విద్యార్థి తప్పు వాయిస్తే "జరుగు" అని వాణ్ణి పక్కకి తోసి, తాను వాయించి చూపించేవారు. ఇప్పుడు ఆ వీలు లేదు. కాబట్టి మాటలు వెతుక్కోవలసి వచ్చింది. ఈ స్వరం తర్వాత ఆ స్వరం ఎందుకు రావాలి, ఈ వాక్యం ఎక్కడ ఊపిరి పీల్చుకోవాలి, ఈ నిశ్శబ్దం ఎంతసేపుండాలి - వీటన్నిటినీ మాటల్లో పెట్టాలంటే ముందు తనకి తెలియాలి. ఇన్నాళ్ళూ వేళ్ళకి తెలిసినదాన్ని ఇప్పుడు బుద్ధితో తెలుసుకున్నారు. చేయి పోవడం వల్లే తాను మెరుగైన గురువునయ్యానని ఆయనే అన్నారు. తన బంధం పియానోతో కాదు, సంగీతంతో అని గ్రహించారు. చూశారా, లెషెటిట్స్కీ తన శిష్యుడితో అన్న మాట ఆ శిష్యుడి శిష్యుడి దగ్గరికి వచ్చేసరికి నిజమైంది.

ఇక అక్కణ్ణుంచి దారులు తెరుచుకున్నాయి. 1967లో వాషింగ్టన్‌లో ఒక చిన్న వాద్యబృందాన్ని మొదలుపెట్టారు. 1970 నుంచి అనాపొలిస్ సింఫనీకి నాయకత్వం, 1973 నుంచి బాల్టిమోర్ సింఫనీలో అసోసియేట్ కండక్టరు పదవి. ఎడమచేత్తో వాయించే రచనలు పట్టుకున్నారు. అలాంటివి ఉంటాయా అని మీకు అనుమానం రావచ్చు. ఉన్నాయి, దాని వెనక మరో మనిషి ఉన్నాడు. వియన్నాకి చెందిన పాల్ విట్‌గెన్‌స్టైన్. మా ఫిలాసఫీ డిపార్ట్‌మెంటు వారు రోజూ తలుచుకొనే లుడ్విగ్ విట్‌గెన్‌స్టైన్‌కి స్వయానా అన్న. మొదటి ప్రపంచయుద్ధంలో, 1914లో, అతని కుడిచేయి తీసేశారు. యుద్ధం నుంచి తిరిగొచ్చి, నాటి గొప్ప రచయితలని అడిగి, డబ్బిచ్చి, ఒక్క ఎడమచేతికోసం రచనలు రాయించుకున్నాడు. రవేల్, ప్రోకోఫియెవ్, బ్రిటెన్ అందరూ రాశారు. రవేల్ కాన్సెర్టో కళ్ళు మూసుకొని వింటే వాయించేది ఒక్క చెయ్యేనని నమ్మలేం. ఐదు వేళ్ళలో బొటనవేలు పాట పాడుతుంటే మిగతా నాలుగూ తాళం, శ్రుతీ మోస్తాయి. 1923లో హిండెమిత్ రాసిచ్చినదాన్ని మాత్రం విట్‌గెన్‌స్టైన్ వాయించకుండా దాచేశాడు. ఆ కాగితాలు 2002లో గాని బయటపడలేదు. 2004 డిసెంబరులో బెర్లిన్‌లో దాన్ని మొదటిసారి వినిపించింది డెబ్భై ఆరేళ్ళ ఫ్లైషర్. ఒకరి గాయం కోసం పుట్టిన సంగీతం ఎనభై ఏళ్ళు ఆగి, మరొకరి గాయం దగ్గరికి వచ్చి పలికింది.

ఇప్పుడు 1982 సెప్టెంబరు 16 రాత్రి సంగతి చెప్పాలి. చేతికి ఆపరేషను అయి కొంత గుణం కనిపించింది. బాల్టిమోర్‌లో కొత్తగా కట్టిన మేయర్‌హాఫ్ సింఫనీ హాలు ప్రారంభోత్సవం. పదిహేడేళ్ళ తర్వాత ఫ్లైషర్ రెండు చేతులా వాయిస్తారని ప్రకటన. పత్రికలు, టెలివిజను, నిండిపోయిన హాలు. మొదట బీతోవెన్ నాలుగో కాన్సెర్టో అనుకున్నారు. చేయి దానికి సహకరించదని తెలిసి, ఫ్రాంక్ రాసిన సింఫనిక్ వేరియేషన్స్‌కి మార్చుకున్నారు. వాయించారు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. లోకానికి అదొక విజయగాథ. కాని చేయి బాగుపడలేదని ఆయనకి తెలుసు. ఆ చప్పట్ల మధ్య ఉన్న ఒంటరితనాన్ని ఊహించండి! కొద్దికాలానికే మళ్ళీ ఎడమచేతికి వెళ్ళిపోయారు.

మనకి ఇలాంటి రాత్రులే కావాలి. పడినవాడు లేవాలి, లేచి పరుగెత్తాలి, చివర్లో కప్పు గెలవాలి. వార్షికోత్సవ ఉపన్యాసాల నిండా ఈ కథలే. నా ఉద్దేశం ఏమిటంటే, ఈ కథలు పడినవాడికి మేలు చేయవు, కీడే చేస్తాయి. లేవలేనివాణ్ణి రెండోసారి ఓడిస్తాయి. ఆ రాత్రి హాలులో జరిగినదానికంటే, మర్నాటి నుంచి పీబడీలో ఓ గదిలో ఒక కుర్రవాడికి బ్రామ్స్ చెప్పడంలో జరిగింది గొప్పదని నేనంటాను. దానికి టెలివిజను రాలేదు, అంతే తేడా.

మీలో వాదన తెలిసినవాళ్ళు ఇప్పటికే అనుకుంటుంటారు: "సార్, మీరు మా సామెతనే రుజువు చేశారు. చేయి పోయింది కాబట్టేగా పాఠాలు చెప్పాడు. బతకలేకే బడిపంతులయ్యాడు!" దీనికి నా దగ్గర రెండు తేదీలున్నాయి. మొదటిది ఇందాక గుర్తు పెట్టుకోమన్న 1959. పీబడీలో ఆయన చేరింది చేయి చెడ్డాక కాదు, చెడక ఐదేళ్ళ ముందు. రెండోది 1995. జబ్బు పేరు ఎట్టకేలకి తెలిసి, బొటాక్స్ ఇంజక్షన్లతో బిగుసుకున్న కండరాలు సడలి, దానితోబాటు మర్దన చికిత్సతో వేళ్ళు విచ్చుకొని, ఆ ఏడు మళ్ళీ క్లీవ్‌లాండ్ ఆర్కెస్ట్రాతో రెండు చేతులా మొజార్ట్ వాయించారు. జబ్బు పూర్తిగా పోలేదు, లొంగింది. 2004లో 'టూ హాండ్స్' అన్న రికార్డు వచ్చింది. 2007లో అమెరికా వారి కెనడీ సెంటర్ గౌరవం దక్కింది. మరి చేయి వచ్చేసింది కదా, బడి మానేశారా? లేదు. తొంభై దాటాక కూడా పాఠాలు చెబుతూనే ఉన్నారు. 1959 నుంచి 2020 దాకా, అరవై ఏళ్ళు. ఆండ్రే వాట్స్, యెఫిమ్ బ్రాన్ఫ్‌మన్, జొనాథన్ బిస్ లాంటి విద్వాంసులు ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళే. బతకలేక వచ్చినవాడు బతకగలిగిన రోజున వెళ్ళిపోతాడు. ఆయన వెళ్ళలేదు. సాక్ష్యం పూర్తయింది.

న్యాయంగా మరొక మాట కూడా ఒప్పుకోవాలి. ఫ్లైషర్ అదృష్టవంతుడు కూడా. చేయి పోయేనాటికి పేరుంది, చేతిలో ఉద్యోగముంది, అడిగితే వినేవాళ్ళున్నారు. మగ్గం మీద చేయి పట్టు తప్పిన నేతగాడికోసం రవేల్ ఏదీ రాసిపెట్టలేదు. అంచేత "ఫ్లైషర్ని చూసి నేర్చుకో" అని కష్టంలో ఉన్నవాడి మొహాన కొట్టకూడదు. పైగా ఆయన తన నష్టాన్ని వరమని ఎన్నడూ సంబరపడలేదు. ముప్పై ఏళ్ళపాటు దాదాపు ప్రతిరోజూ ఆ చేతిని పియానో మీద పెట్టి, ఇవాళేమైనా వస్తుందేమోనని చూసుకున్నవాడు ఆయన. దుఃఖం దుఃఖమే. కాని దుఃఖం పక్కన పని ఉంది, పని పక్కన మనుషులున్నారు. ఆయన్ని దాటించింది ఆ మనుషులే. మనం ఒకరికొకరం ఇవ్వగలిగింది కూడా అదే.

కాబట్టి మన విషయానికి వస్తాను. విద్యార్థి సంఘం వారికి ఒక మనవి. సావనీరులో ర్యాంకర్ల ఫొటోలు వెయ్యండి, తప్పులేదు. కాని జూనియర్లకి లెక్కలు చెప్పి సప్లిమెంటరీ గట్టెక్కించిన సీనియరు పేరు కూడా ఒక్కటి వెయ్యండి. అలాంటివాళ్ళు ప్రతి హాస్టల్లోనూ ఉన్నారు. పేపరు పోయిన మిత్రుడి గది తలుపు తట్టడం సంఘం కార్యక్రమాల్లో మొదటిదిగా పెట్టుకోండి. పాటల పోటీ తర్వాత పెట్టుకోవచ్చు. దారి మూసుకుపోయిందని అనిపిస్తున్నవాళ్ళుంటే ఎవరితోనైనా ఆ మాట అనండి, నాతోనైనా సరే. నా గదికి గడియ ఎలాగూ సరిగా పడదు.

సహోద్యోగులకీ ఒక మాట. ఆ సామెతని విద్యార్థులకంటే ముందు నమ్మినవాళ్ళం మనమేనేమో! ఎక్కడికో పోవలసినవాణ్ణి ఇక్కడ చిక్కుకుపోయాను అన్న మొహంతో క్లాసులోకి వెళ్ళి, పసుపుపచ్చబడిన నోట్సు డిక్టేట్ చేసి వచ్చే మనిషిని చూసి విద్యార్థి ఇంకేమనుకుంటాడు? సామెత తప్పని వాళ్ళకి వాదించి చెప్పనక్కర్లేదు. పాఠం చెబితే చాలు.

ఇక ఆ అబ్బాయికి నా జవాబు. నాయనా, నువ్వడిగింది సబబైన ప్రశ్నే. నేను ఇంకో రెండు ఉద్యోగాలకి ప్రయత్నించాను. రాలేదు. ఆ రోజున ఏడ్చాను కూడా. ఇక్కడికి వచ్చింది బతకలేకే కావచ్చు. కాని ఇన్నేళ్ళుగా ఇక్కడ ఉన్నది అందుకు కాదు. నాకు అర్థమైందనుకొన్న విషయం నీకు చెప్పబోయి, నాకే అర్థం కాలేదని తెలుసుకొని, మళ్ళీ పుస్తకం తీసిన రాత్రులు చాలా ఉన్నాయి. ఆ రాత్రుల కోసం ఉన్నాను. నువ్వెక్కడ ఉద్యోగం చేస్తున్నావో తెలియదు. ఈ సావనీరు నీకందితే ఒక ఉత్తరం ముక్క రాయి. వెనక బెంచీలోంచి అరిచినవాణ్ణి కూడా రాయమను. వాడి గొంతు నేను పోల్చుకున్నానని చెప్పు. వాడు ఇప్పుడు మన జిల్లాలోనే ఒక జూనియర్ కాలేజీలో పాఠాలు చెబుతున్నాడట. బాగా చెబుతున్నాడని విన్నాను.